దీపం మెడ మీది నలుపు

నా దగ్గర పదకొండు కిరసనాయిలు దీపాలున్నాయి. అన్నీ గాజువి, అన్నీ అమెరికాలో తయారైనవి, అన్నీ మా తాత పుట్టకముందువి. కెనడాలోని విండ్సర్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చే మన వాళ్లలో వాటిని చూసి "బాగున్నాయండీ" అన్న మనిషి నాకింతవరకూ తగల్లేదు. "కరెంట్ పోతే వాడతారా అంకుల్?" అని అడుగుతారు చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. "వీటిని వదిలించుకోవడానికే కదండీ మనం అంత కష్టపడి చదువుకుంది" అన్నారు రిటైరైన డాక్టరుగారొకరు, నా ఇంట్లో నా పప్పన్నం తింటూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్లు మండిపోయింది.

మా ఆవిడ వాటిని "మీ క్రికెట్ టీమ్" అంటుంది.

ముప్పై ఏళ్లు అచ్చులు చేసే షాపుల్లో ఇంజినీరుగా పనిచేశాను. కార్లలో వాడే ప్లాస్టిక్ భాగాలను పోతపోసే ఉక్కు అచ్చులు మావి. అచ్చు ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే చోట, పోతపోసిన వస్తువు మీద సన్నటి గీత పడుతుంది. ఆ గీత కంటికి కనబడకుండా చేయడానికే నా ఉద్యోగ జీవితమంతా సరిపోయింది. రిటైరైన ఏడాది ఒక పాత సామాన్ల దుకాణంలో ఏదో తోచక ఒక గాజు దీపం చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలికి గీత తగిలింది. దీపం తిప్పితే ఇంకొకటి, ఇంకొంచెం తిప్పితే మూడోది. మూడు ముక్కల ఇనుప అచ్చులో కరిగిన గాజు పోసి, పైనుంచి నొక్కి చేశారన్నమాట. కంప్యూటర్ లేని రోజుల్లో ఎవరో మనిషి కూర్చుని ఆ ఇనుములో పువ్వులూ వజ్రాలూ తలకిందులుగా, లోతుగా చెక్కాడు. అతని ముందు నా ముప్పై ఏళ్ల సర్వీసు చిన్నబోయింది. ఆ దీపం కొనుక్కుని ఇంటికి వచ్చాను.

సంతోషం అంతవరకే. అప్పటినుంచి ఈ పిచ్చిలో నాకు దక్కినదాంట్లో ముప్పాతిక మువ్వీసం చికాకే. ఫోటోలో నిండు చందమామలా ఉన్న దీపం పెట్టె విప్పేసరికి అడుగున పెచ్చు లేచి ఉంటుంది. నూటయాభై ఏళ్లనాటిదని ప్రమాణం చేసి అమ్మినది, వేలు పెట్టి చూస్తే నిన్నగాక మొన్న చేసిన నకలు. అన్నిటికన్నా నాకు గిట్టనిది, కరెంటు దీపంగా మార్చడానికి నూనెబుడ్డికి డ్రిల్లుతో చిల్లి పొడవడం. అలాంటి దీపం చూస్తే ఆ పని చేసిన వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని కడిగెయ్యాలనిపిస్తుంది. ఆ కడిగెయ్యడాలన్నీ చివరికి మా ఆవిడ చెవిన పడతాయి.

పదకొండో దీపం దొరికిన రోజు మాత్రం నేను ఎవర్నీ తిట్టలేదు. వంతెన దాటి అమెరికాలోకి, మిషిగన్ లోపలికి గంటన్నర కారులో వెళ్తే వచ్చే ఒక చిన్న ఊరు. ఒక ముసలావిడ ఇంటి ముందు పాత సామాన్లు బల్ల మీద పరిచి అమ్ముతోంది. ఎనభై దాటిన మనిషి, నిటారుగా ఉంది. ఆ ఊళ్లో స్కూలు బస్సు నడిపి రిటైరైందట. బల్ల మీద పనికిరాని సామాన్ల మధ్యన ఆ దీపం ఉంది. నూనెబుడ్డి చుట్టూ గుండ్రటి కళ్లు చెక్కిన నమూనా, ఆరు పలకల కాడ, చిన్న గాటు కూడా లేని పీట. బుడ్డి మూతి చుట్టూ ఇత్తడి పట్టీ ఒకటి ఉంటుంది, దీపం మెడ అనుకోవచ్చు. దీపాలు సేకరించే మేము కాలర్ అంటాం. ఒత్తి ఉండే బర్నర్‌ను దాంట్లోకే మరమేకులా తిప్పి బిగిస్తారు. ఆ కాలర్ నల్లగా, జిడ్డుగా ఉంది, ఒక పక్క మరీనూ. ఎవరూ తోమలేదని, అసలు కాలరేనని దానర్థం. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

డబ్బిచ్చి దీపం అందుకుంటూ తల ఎత్తితే, వంటింటి కిటికీలోంచి అల్మరాలో ఇంకొకటి కనబడింది. అదే నమూనా, అదే ఎత్తు. జత!

ఈ దీపాల్లో జత దొరకడమంటే ఏమిటో చెప్పాలి. ఇవి రోజూ వాడిన సామాన్లు. నూటయాభై ఏళ్లలో రెండిట్లో ఒకటైనా పిల్లల చేతుల్లోనో, పిల్లి కాళ్లలోనో పడి పగలకుండా ఉండదు. రెండూ ఒకే ఇంట్లో బతికి ఉండటం నేను చూడలేదు, నాకు తెలిసిన దీపాలు సేకరించేవాళ్లూ చూడలేదు. దాన్నీ అమ్ముతారా అని అడిగాను. "అది అమ్మకానికి కాదు" అంది. ఫోన్ నంబర్ ఇచ్చి, మనసు మారితే చెప్పమన్నాను. చిల్లి పొడవనని, కరెంటు పెట్టనని, ప్రాణంలా చూసుకుంటానని అడక్కుండానే మాటిచ్చాను. ఆమె కాగితాన్ని జేబులో పెట్టుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో నాకూ మా ఆవిడకూ ఆ కాలర్ దగ్గరే యుద్ధం. ఆవిడ లెక్కలో ఇత్తడి అంటే మెరవాలి. మెరవని ఇత్తడి గదిలో ఉంటే ఆ ఇల్లాలు బద్ధకస్తురాలని వచ్చినవాళ్లు అనుకుంటారు. దేవుడి సామాన్లను వారానికోసారి చింతపండుతో తోమి, బంగారమనిపించి గానీ కుదురుగా కూర్చోదు.

"ఏమండీ, ఆ ఒక్కదానికి కాస్త చింతపండు రాయనివ్వండి. జిడ్డోడుతూ కూర్చుంది. చూడలేకపోతున్నాను."

"చేయి వేశావంటే బాగుండదు. ఆ నలుపే దాని వయసు. అది పోతే దీపం విలువ పోతుంది."

"వయసైపోతే స్నానం మానేస్తారా ఏంటి?"

నేను తలుపున్న అల్మరా కొని దీపాన్ని అందులో పెట్టాను. తాళం కూడా వేశాను. అంత గట్టిగా కాపాడిన మనిషిని నేను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే చిర్రెత్తుకొస్తోంది.

ముసలావిడ ఒక సోమవారం పొద్దున ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేసి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారుతోందట. "ఆ రెండో దీపం గురించి ఆలోచిస్తున్నాను. మీరు తీసుకెళ్లినదాన్ని ముందు ఒకసారి తీసుకురండి. ఎలా ఉందో చూడాలి. తర్వాత మాట్లాడుకుందాం" అంది. శనివారం వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి, "పన్నెండో ఆటగాడు వస్తున్నాడు!" అని అరిచాను.

ఇక్కడే నా బుర్ర పక్కదారి పట్టింది. ఎలా ఉందో చూడాలి అని ఆమె అంటే నాకు వినబడింది వేరు. మా షాపుకు కార్ల కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారంటే వారం ముందునుంచి పండగలా ఉండేది. నేల కడిగేవాళ్లం, యంత్రాలకు రంగు వేసేవాళ్లం, అచ్చుల్ని అద్దంలా రుద్దేవాళ్లం. పని ఎంత బాగా చేసినా, మురికి కనబడితే ఆర్డరు పోయినట్టే. ముప్పై ఏళ్లు అలా బతికినవాణ్ణి. దానికి తోడు మనిషి ఇంటికి మురికి వస్తువు పట్టుకెళ్లడమేమిటన్నది పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఎవరైనా గిన్నెలో కూర పంపితే, గిన్నె తోమి గానీ తిరిగి ఇవ్వం కదా. మంగళవారం ఆ దీపాన్ని తీసి చూశాను. జిడ్డోడుతున్న ఆ మెడ చూస్తే, ఇంత నిర్లక్ష్యంగా ఉంచుకున్న మనిషికి రెండోది ఎలా ఇస్తుంది అనిపించింది.

బుధవారం వంటింట్లోకి వెళ్లి చింతపండు నానబెట్టాను.

"ఏం చేస్తున్నారు?" అంది మా ఆవిడ. చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "వద్దేమోనండీ. ఇన్నాళ్లూ మీరేగా ముట్టుకోవద్దన్నారు."

"నీకు తెలీదు. ఇప్పుడు సంగతి వేరు."

"నేను తోముతానన్నప్పుడు తాళం వేశారు. ఇప్పుడేమో..."

"కాస్త నోరు మూసుకుంటావా?"

అన్నాను. అలాగే అన్నాను. ఆవిడ చేయి తుడుచుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

కాలర్ బుడ్డికి అతికి ఉంటుంది, ఊడదీయడానికి కుదరదు. దీపాన్ని తలకిందులు చేసి, మెడ వరకూ చింతపండు పులుసులో మునిగేలా గిన్నెలో నిలబెట్టి, పడకుండా చుట్టూ తువ్వాళ్లు కూరాను. పది నిమిషాలు చాలు అనుకున్నాను. ఈలోగా ఇంటర్నెట్‌లో దీపాలు సేకరించేవాళ్ల గ్రూపులో ఎవడో నకలు దీపాన్ని అసలని పెట్టాడు. వాడితో వాదనకు దిగాను. అది తేలేసరికి రెండు గంటలైంది.

పరుగున వచ్చి దీపం పైకి లేపితే గాజు ఒక్కటే చేతిలోకి వచ్చింది. కాలర్ గిన్నెలో ఉండిపోయింది. పులుసు పైన తెల్లటి ముద్ద తేలుతోంది.

కాలర్‌ను గాజుకు అతికేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లలో నానితే మెత్తబడుతుంది, పులుపు తగిలితే ఇంకా తొందరగా పోతుంది. ఈ ముక్క నాకు తెలియదా? నేనే గ్రూపులో ఎంతమందికి చెప్పాను! దీపాల్ని నీళ్లలో నానబెట్టకండి నాయనలారా అని వ్యాసంలాంటిది కూడా రాశాను. మా ఆవిడ మీద అరుద్దామంటే దారి లేదు, ఆవిడ వద్దంది. "ఇంత పుల్లటి చింతపండు ఎక్కడ కొన్నావు?" అని మాత్రం అడగగలిగాను. ఆవిడ లేచి దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. ఆ నోరు మూసుకోమన్న మాట ఇంకా మధ్యలో ఉంది.

నిజం చెప్పాలంటే, ఆ కాలర్ గిన్నెలోంచి తీసి చూసినప్పుడు భయంతోపాటు ముచ్చట కూడా వేసింది. పచ్చగా, ధగధగా మెరుస్తోంది. గురువారం హార్డ్‌వేర్ షాపు నుంచి ప్లాస్టర్ తెచ్చాను. కాలర్‌ను నిలబెట్టడానికి చెక్కతో చిన్న బిగింపు చేసుకున్నాను. క్యాలిపర్‌తో నాలుగు వైపులా కొలిచి అతికాను. పాతకాలపు అతుకు ఒక పక్కకు వాలి ఉండేది. నాది గీత గీసినట్టు కూర్చుంది. అసలుకన్నా నాదే బాగుందని శుక్రవారం సాయంత్రం మా ఆవిడతో అన్నాను కూడా. బర్నర్ కూడా మెరిపించి బిగించాను.

శనివారం ఇద్దరం బయల్దేరాం. సరిహద్దు దగ్గర ఆఫీసరు పెట్టెలో ఏముందన్నాడు. పాత దీపం అన్నాను. అమ్మడానికా అన్నాడు. కాదు, చూపించడానికి అన్నాను. ఎవరికి అన్నాడు. నాకు అమ్మినావిడకే అన్నాను. అతను నన్నోసారి, మా ఆవిణ్ణోసారి చూశాడు. అమ్మినావిడకు కొన్న వస్తువు చూపించడానికి దేశం దాటే మనిషి అతనికి ఇదివరకు తగిలి ఉండడు. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆ మూడు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

ముసలావిడ ఇంట్లో అంతా అట్టపెట్టెలు. వంటింటి బల్ల ఒక్కటే ఇంకా కదల్చలేదు. కాఫీ ఇచ్చింది. నేను పెట్టె విప్పి దీపాన్ని బల్ల మధ్యలో పెట్టి, కాలర్ మీద వెలుతురు పడేలా తిప్పాను. తనిఖీవాళ్ల ముందు మా మేనేజరు అచ్చును అలాగే తిప్పేవాడు.

ఆమె నూనెబుడ్డి చూడలేదు, పీట చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమ చేయి చాచి కాలర్ పట్టుకుంది. బొటనవేలు ఒక చోట ఆనించింది. వేలు జారింది. కాస్త పక్కకు జరిపి మళ్లీ ఆనించింది.

"ఇక్కడ నల్లగా ఉండేది" అంది.

"అవునండీ, శుభ్రం చేశాను. చూడండి ఎలా మెరుస్తోందో." ఆ మాట అన్నప్పుడు నేను నవ్వుతూ ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఆమె చేయి తియ్యలేదు. నెమ్మదిగా చెప్పింది. వాళ్ల పొలానికి కరెంటు వచ్చేసరికి ఆమెకు ఏడేళ్లు. అంతవరకూ ప్రతిరోజూ పొద్దున టిఫిన్లయ్యాక వాళ్లమ్మ ఈ బల్ల దగ్గరే కూర్చుని రెండు దీపాల ఒత్తులూ కత్తిరించేదట. వేళ్లకు మసి అంటుకునేది. ఆ చేత్తోనే కాలర్ పట్టుకుని రెండో చేత్తో బర్నర్ తిప్పి బిగించేది. రోజూ అదే చోట, అదే వేలు. రేపు మళ్లీ నల్లబడేదే కదా అని తుడిచేది కాదట. "మా అమ్మ ఫోటోలు రెండే ఉన్నాయి. రెండిట్లోనూ చేతులు ఆప్రాన్ కింద దాచుకుని ఉంటుంది. మసి కనబడుతుందని" అంది.

అతుకు ఊడిన సంగతీ, నేను మళ్లీ అతికిన సంగతీ చెబుదామనుకున్నాను. అవన్నీ ఎందుకూ పనికిరాని సంగతులయ్యాయి. ఆమె మెరుపు చూడటానికి పిలవలేదు. రెండోది ఇచ్చేముందు ఆ నలుపు ఇంకా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుందామని పిలిచింది.

లేచి అల్మరాలోంచి రెండో దీపం తెచ్చి మొదటిదాని పక్కన పెట్టింది. నేను కోరుకున్న జత అదే, కళ్లెదురుగా ఉంది. ఆమె దీపం మెడ మీద వేలెడు వెడల్పున నల్లటి మచ్చ. నాది కొత్త పెళ్లికూతురి నగలా మెరుస్తోంది. అంత అసహ్యమైన మెరుపు నా జన్మలో చూడలేదు.

"మీరు చాలా శ్రద్ధగా చూసుకున్నారు" అంది. వెటకారం లేదు. ఉంటే బాగుండేది. "దీన్ని మాత్రం నేనే ఉంచుకుంటాను."

"రెండూ మీరే ఉంచుకోండి. నాకేమీ ఇవ్వక్కర్లేదు. జత విడదీయొద్దు" అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె మొదటి దీపాన్ని రెండు చేతులతో ఎత్తి నా ముందుకు జరిపింది.

"వద్దు. అది ఇప్పుడు మీదే."

వెనక్కి వస్తుంటే కారులో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. వెక్కిరిస్తుందనుకున్నాను, సాధిస్తుందనుకున్నాను. ఆ రెండూ లేకపోయేసరికి నాకే ఉక్రోషం వచ్చింది.

"అనవే, ఏదో ఒకటి అను. నువ్వు వద్దన్నావు, నేను వినలేదు. నోరు మూసుకోమన్నాను. తిట్టు."

ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది. "మా అమ్మ పోయాక ఆవిడ కుందులు నేనే తెచ్చుకున్నాను కదండీ. ముప్పై ఏళ్లనుంచీ తోముతూనే ఉన్నాను" అంది.

నేను కారును వంతెన వైపు తిప్పాను.

ఇప్పుడా దీపం అల్మరాలో లేదు, భోజనాల బల్ల మీద ఉంది. రోజూ పొద్దున కాఫీ తాగాక కాలర్‌ను ఎడమ చేత్తో పట్టుకుని, బర్నర్ ఊడదీసి మళ్లీ బిగిస్తున్నాను. మా ఆవిడ చూస్తుంది. కాలర్ ఒక పక్క మెల్లిగా మసకబారుతోంది. కానీ అక్కడ పడుతున్నది నా వేలు.